మంచి కాగితం పాడుచేయండి

అరవై దాటాక మళ్లీ కుంచె పట్టుకోవాలనుకునేవాళ్లకు నాలుగు వైపుల నుంచీ సలహాలు వస్తాయి. ముందు చవక కాగితం మీద చేయి తిప్పుకోండి, ఏదైనా క్లాసులో చేరండి, వేసినవి పదిమందికీ చూపించండి, ఎవరినీ చూసి వేయకండి, మొదలుపెట్టింది పూర్తి చేయండి. చెప్పేవాళ్లు మన మేలు కోరే చెబుతారు. పదేళ్ల పిల్లలకు ఇవి పనికొస్తాయేమో. ఉద్యోగం, సంసారం ఈది ఒడ్డుకొచ్చినవాళ్లకు మాత్రం అడ్డం పడతాయి. పొదుపు, శుభ్రం, పట్టిన పని ముగించడం, నలుగురికీ ఉపయోగపడటం అనే గుణాలతోనే మీరు ఇల్లు నిలబెట్టారు, పిల్లల్ని చదివించారు. బొమ్మలు వేసే బల్ల దగ్గర ఆ గుణాలే చేతిని కట్టేస్తాయి. అందుకని నేను చెప్పబోయేవి మీ ఇంట్లోవాళ్లకు తలకిందుల సలహాల్లా వినిపిస్తాయి. అయినా వాటినే పాటించమని బతిమాలుతున్నాను.

ఖరీదైన కాగితమే కొనండి

చాలామంది మనవడి డ్రాయింగ్ పుస్తకంలో మిగిలిన పేజీలతో మొదలుపెడతారు. లేదంటే స్టేషనరీ షాపుకెళ్లి నాలుగు డ్రాయింగ్ షీట్లు తెచ్చుకుంటారు. చేయి కుదిరాక మంచిది కొందాం అనుకుంటారు. చేయి కుదరదు. ఆ కాగితం మీద నీటిరంగులతో ఎవరి చేయీ కుదరదు. నీళ్లు తగలగానే పల్చటి కాగితం ఉబ్బి అలలు తేలుతుంది, రంగు పల్లంలోకి జారి మడుగు కడుతుంది. కుంచె రెండోసారి తగిలేసరికి పైపొర నూగులా లేస్తుంది. ఆకాశం వేయబోతే మచ్చలు మిగులుతాయి. అప్పుడు మనిషి తన వయసును నిందించుకుంటాడు. వేళ్లు మొద్దుబారాయి, చూపు తగ్గింది, చిన్నప్పటి విద్య కాస్తా పోయింది అని డబ్బా మూసేసి అటక మీద పెట్టేస్తాడు. కాగితం చేసిన తప్పు మనిషి నెత్తిన పడుతుంది. నాకు ఇంతకంటే బాధ కలిగించే విషయం ఈ వ్యవహారంలో మరొకటి లేదు.

నూరు శాతం నూలుతో చేసిన, 300 జి.ఎస్.ఎం. మందమున్న వాటర్‌కలర్ కాగితం అడగండి. అది తడిని కాసేపు పైనే నిలుపుతుంది, రంగు కదలడానికి వ్యవధి ఇస్తుంది, నచ్చని చోట తడి కుంచెతో రంగును చాలావరకు తీసేయనిస్తుంది. ఫుల్ షీటు 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు ఉంటుంది. సగానికి సగం మూడుసార్లు కోస్తే ఏడున్నర అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవున్న ముక్కలు 8 వస్తాయి. రెండు వైపులా వేయొచ్చు కాబట్టి ఒక షీటు మీద 16 బొమ్మలు.

ఆ 16 బొమ్మలూ పాడుకానివ్వండి. మంచి కాగితాన్ని పెళ్లినాటి పట్టుచీరలా బీరువాలో దాచి, ఏదో ఒక గొప్ప బొమ్మ కోసం ఎదురుచూసే అలవాటు మన తరంలో చాలామందికి ఉంది. ఆ గొప్ప బొమ్మ రాదు. వచ్చినా, కొత్త కాగితం చూసి వణికే చేతికి అది అందదు. నూలు కాగితం మీద చెడిపోయిన బొమ్మ నేర్పినంత, చార్టు కాగితం మీద కుదిరిన బొమ్మ నేర్పదు.

రంగుల దగ్గర మాత్రం పిసినారిగా ఉండండి. 24 రంగుల పెట్టె వద్దు. అల్ట్రామెరైన్ నీలం, బర్న్‌ట్ సియెన్నా, ఒక పసుపు, ఒక ఎరుపు చాలు. మొదటి రెండూ కలిపితే బూడిద రంగులు ఎన్ని రకాలు పుడతాయో, నల్ల ట్యూబు అవసరం ఎంత తగ్గిపోతుందో మీరే చూస్తారు. అటక మీద పాత వాటర్‌కలర్ ట్యూబులు గట్టిపడి దొరికితే పారేయకండి. వాటిలో రంగుపొడిని పట్టి ఉంచేది తుమ్మజాతి చెట్ల బంక, అది నీళ్లు పోస్తే మళ్లీ కరుగుతుంది. ట్యూబును బ్లేడుతో చీల్చి ముక్కను పళ్లెంలో పెట్టుకోండి. అక్రిలిక్ అలా కాదు, ఒకసారి ఎండితే ఇక అంతే. వాసన పట్టిన పోస్టర్ కలర్ సీసాలు కూడా పారేయాల్సినవే. కుంచె ఒక్కటే కొనండి, పెద్దది కొనండి. పన్నెండో నంబరు రౌండ్ బ్రష్, కొన బాగా కూడేది. చిన్న కుంచెతో మొదలుపెట్టినవాళ్లు ఆకులు లెక్కపెట్టుకుంటూ చెట్టును మరిచిపోతారు.

చూసి వేయండి, ట్రేస్ కూడా చేయండి

సొంతంగా వేయాలి, కాపీ కొట్టకూడదు అనే మాట చిత్రకళలో పెద్ద అపచారం. 1909 నుంచి 1911 దాకా ఇంగ్లీషు చిత్రకారిణి లేడీ హెరింగ్‌హామ్ అజంతా చిత్రాలకు నకళ్లు తీయిస్తున్నప్పుడు ఆ గుహల్లో కూర్చుని గీత గీతా ఎత్తిరాసిన చిత్రకారుల్లో నందలాల్ బోస్ ఉన్నాడు, అసిత్ కుమార్ హల్దార్ ఉన్నాడు. తర్వాత నందలాల్ గీతలో కనిపించే బలం ఎక్కడిది అంటే, ఆ నకళ్లను పక్కనబెట్టి జవాబు చెప్పలేం. మన హైదరాబాదులోనూ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో అజంతా నకళ్లున్నాయి. నకలే కదా అని దాటిపోకుండా, వేసినవాడు ఎక్కడ ఆగాడు, ఎక్కడ తెగించాడు అన్నది వెతుకుతూ చూడండి.

మీ ఈడువాళ్లకు ఇంకో సంపద ఉంది. చందమామ అట్టల మీద వడ్డాది పాపయ్య (వ.పా.) రంగుల్ని, వారపత్రికల్లో బాపు గీతల్ని చూస్తూ పెరిగారు. మీ కంటికి మొదటి గురువులు వాళ్లే. మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లండి. వ.పా. బొమ్మ ఒకటి తీసుకుని, మనుషుల్ని వదిలేసి రంగుల పొందికను మాత్రమే నాలుగు మచ్చలుగా ఎత్తి వేయండి. చీర రంగు వెనకున్న కొండలో ఎక్కడ మళ్లీ పలికిందో దొరుకుతుంది. బాపు బొమ్మ మీద ట్రేసింగ్ పేపరు పెట్టి కుంచెతోనే గీయండి. పెన్సిల్ వద్దు. ఏ మలుపులో ఒత్తాడో, ఎక్కడ తేల్చాడో చేతికి అర్థమవుతుంది. ఒకే బొమ్మను పదిసార్లు వేసినా తప్పులేదు. కింద అసలు చిత్రకారుడి పేరు రాసి, చూసి వేసింది అని స్పష్టంగా పెట్టండి, అమ్మకండి. పాటించాల్సిన మర్యాద అంతే.

వీలు చేసుకుని రాజమండ్రిలోని దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్లండి. 1897లో పుట్టి, 1925లో మశూచి సోకి, 28 నిండకుండానే పోయిన చిత్రకారుడు ఆయన. అరవై దాటిన మనకు ఆయన వయసుకు రెండింతల పైన కాలం దొరికింది. కొలత తెలియని ఫోను బొమ్మలో జూమ్ చేసి చూడటానికీ, వేసిన కొలతలో ఆ రంగుల ముందు నిలబడటానికీ ఎంతో తేడా ఉంది.

రబ్బరు పారేయండి

డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసినవాళ్లకు ఇది మరీ కష్టం. అక్కడ శుభ్రమైన గీతకే మార్కులు. గీసి, చెరిపి, మళ్లీ గీసి, కాగితం అరిగేదాకా సరిచేసే అలవాటు చేతిలో ఇప్పటికీ ఉంటుంది. రబ్బరు దగ్గరుంటే కన్ను వస్తువును వదిలేసి గీత మీదే నిలుస్తుంది. పైగా రుద్దిన చోట కాగితం గాయపడి, తర్వాత రంగు వేసినప్పుడు అక్కడ నల్లగా పట్టుకుంటుంది. తప్పు గీతను అలాగే ఉంచి పక్కన ఇంకోటి గీయండి. రెండు గీతలూ కనిపించే బొమ్మలో ప్రాణం ఎక్కువ. మీ కన్ను ఎలా నడిచిందో చూసేవాడికి దానిలోనే తెలుస్తుంది.

శ్రీకాళహస్తిలో కలంకారీ చేసేవాళ్లు కాల్చిన చింతబరికెల బొగ్గుతో గుడ్డ మీద తేలిగ్గా రూపు వేసుకుని, తర్వాత వెదురు కలంతో నల్లగీత దించుతారు. బొగ్గు దులిపితే పోతుంది, కలం గీత పోదు. దాన్ని సరిదిద్దే వీల్లేదని తెలిసిన చేయి వేరే నమ్మకంతో కదులుతుంది. చింతపుల్లలు దొరికితే ఇంట్లో కాల్చి చూసుకోండి. మెత్తటి బొగ్గు, ఖర్చు లేదు.

నాకు బొమ్మలు రావు అనే ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మీరు ఇన్నేళ్లూ వాకిట్లో నడుం వంచి, భుజం నుంచి చేయి కదిలిస్తూ, చుక్కల చుట్టూ మెలికలు తిప్పి, మొదలైన చోటికే తెచ్చి కలిపిన గీత ఏమిటి మరి? దాన్ని ఏ రబ్బరూ చెరపలేదు. మణికట్టు బిగించి కుర్చీలో వంగి గీసే అలవాటు మీకు లేకపోవడమే మీ బలం. కాగితాన్ని బల్ల మీద ఏటవాలుగా పెట్టి, నిలబడి, ముగ్గు వేసిన భుజంతోనే గీయండి. కాగితం చిన్నది కాబట్టి చేయి కూడా చిన్నగా కదలాలన్న నియమం లేదు.

ఎవరికీ పనికిరాని బొమ్మ వేయండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే అని నా అభిప్రాయం. మన ఇళ్లలో ఆడవాళ్లకు రంగులు పూర్తిగా ఎవరూ నిషేధించలేదు. చీర మీద ఫ్యాబ్రిక్ పెయింటింగ్ చేయనిచ్చారు, దిండుగలీబుల మీద పువ్వులు వేయనిచ్చారు, హాల్లోకి గ్లాసు పెయింటింగ్, పూజగదిలోకి తంజావూరు కృష్ణుణ్ణి చేయనిచ్చారు. వాడుకోవడానికో, గోడకు తగిలించడానికో, పెళ్లిలో ఎవరికైనా ఇవ్వడానికో పనికొస్తేనే ఆ గంటకు అనుమతి దొరికేది. పనికిరాని బొమ్మ కోసం పొయ్యి దగ్గర నుంచి పక్కకు జరిగే హక్కు మాత్రం ఎప్పుడూ దొరకలేదు. మగవాళ్ల సంగతీ దీనికి దూరం కాదు. క్లబ్బు బ్యానరు, స్కూలు వార్షికోత్సవం తెర, ఆఫీసులో ఎవరో రిటైరైతే ఇచ్చే కార్డు... చేతిలో విద్య ఉందని తెలిస్తే చాలు, దాన్ని పనిలో పెట్టారు.

ఇప్పుడు పనిలో పెట్టనివ్వకండి. బహుమతిగా ఇవ్వకండి. వేంకటేశ్వరస్వామి బొమ్మ వేసిపెట్టు అని వదినగారు అడిగితే ఇప్పుడు కాదు అని చెప్పండి. ఫ్రేము కట్టించకండి, కనీసం ఏడాదిపాటు. ఫ్రేము కట్టించిన మర్నాటి నుంచి తర్వాతి బొమ్మ ఆ గోడకు తగ్గట్టు ఉండాలని చేయి ఆలోచిస్తుంది. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అక్కడ వచ్చే చప్పట్ల బొమ్మలు, సూపర్ అత్తయ్యా, కేక బాబాయ్ అనే మాటలు ప్రేమతో వచ్చేవే, కానీ ఏది వేస్తే అవి ఎక్కువ వచ్చాయో మనసు లెక్కపెట్టుకుని మళ్లీ అదే వేయిస్తుంది. అలా నెమలి దగ్గరో, గోదావరి మీద పడవ దగ్గరో ఆగిపోయినవాళ్లు నాకు తెలుసు. మంచి చేతులవి.

ఇంకో సంగతి. వంటబల్ల అయినా, హాల్లో మూల అయినా ఒక చోటు ఆక్రమించి దాన్ని సర్దకండి. నీళ్ల గ్లాసు, తడిగుడ్డ, సగం వేసిన కాగితం అలాగే ఉండనివ్వండి. రంగులు తీయడానికి పావుగంట, సర్దడానికి పావుగంట పట్టేచోట బొమ్మలు వేయడం నెల తిరక్కుండా ఆగిపోతుంది. దారిన పోతూ నిలబడి రెండు గీతలు వేసి వెళ్లగలిగితే అది కొనసాగుతుంది. ఇల్లు చిందరవందరగా ఉందని చుట్టాలు అనుకుంటే అనుకోనివ్వండి. ఇన్నేళ్లు సర్దిన ఇల్లే కదా.

క్లాసులో చేరొద్దు, ఫ్యాను వేయొద్దు

క్లాసు మొదటి ఆరునెలలూ వద్దు. ఘనం, స్తూపం, ఆపిల్ పండు, నీడ అని వరసగా నేర్పేచోట మనం మళ్లీ మంచి విద్యార్థులమైపోతాం. మాస్టారికి నచ్చేలా వేయడం మనకు బాగా తెలిసిన విద్య. రవీంద్రనాథ్ ఠాగూర్ రాతప్రతుల్లో కొట్టివేతల్ని గీతలతో కలుపుతూ కలుపుతూ బొమ్మల్లోకి వచ్చాడు. ఆయన చిత్రాల మొదటి ప్రదర్శన 1930లో పారిస్‌లో జరిగేనాటికి ఆయనకు దాదాపు 69 ఏళ్లు. ఏ స్కూలూ నేర్పని ఆ గీతలో ఏ స్కూలైనా ముందుగా సరిదిద్దే వంకరే ఆయన బలం. మీ వంకర ఏదో మీకు తెలిసేదాకా ఎవరి చేతా దిద్దించుకోకండి.

బొమ్మలు వేయడం నేర్పే వీడియోల సంగతి వేరు. వాటిలో చాలా భాగం చలిదేశాల్లో తీసినవి. ఆకాశం తడిపి, తీరిగ్గా రంగులు కలుపుకుని, అప్పుడు మేఘాలు వేస్తాడు వీడియోలోని మనిషి. మే నెలలో విజయవాడలో అలా చేస్తే రంగు కలిపేలోపు కాగితం ఎండిపోతుంది. పైన సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే ఇక చెప్పక్కర్లేదు. ప్రతి అంచూ గీత గీసినట్టు గట్టిగా మిగులుతుంది. ఉక్కపోసినా సరే, వాష్ వేసే, అంటే పల్చటి రంగు పరిచే, ఆ ఐదు నిమిషాలు ఫ్యాను ఆపండి. ఎండాకాలం తెల్లవారుజామునే వేయండి, నీళ్లలో ఒక చుక్క గ్లిజరిన్ కలిపితే తడి మరికాస్త నిలుస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో తడి మీద తడి వేసే బొమ్మలు, ఎండాకాలం పొడికుంచె బొమ్మలు పెట్టుకోండి. మన ఊళ్ల వాతావరణాన్నే గురువుగా పెట్టుకుంటే ఏ వీడియోతోనూ పని ఉండదు.

కళ్లద్దాలు తీసి చూడండి

మసకగా కనిపించడం చిత్రకారుడికి లాభం. అద్దాలు తీసి ఎదుటి చెట్టును చూస్తే ఆకులు పోయి వెలుగు ముద్ద, నీడ ముద్ద మిగులుతాయి. బొమ్మకు కావలసింది ముందు ఆ రెండే. అవి కాగితం మీద పడ్డాక అద్దాలు పెట్టుకుని కావలసినన్ని వివరాలు చేర్చుకోవచ్చు. ప్రోగ్రెసివ్ అద్దాలు ఈ పనికి ఇబ్బందే, తల ఎత్తుతూ దించుతూ మెడ నొప్పెడుతుంది. చేయి చాచినంత దూరానికి సరిపడే విడి జత ఒకటి డాక్టర్‌తో రాయించుకోండి.

శుక్లాల ఆపరేషన్ అయ్యాకే మొదలుపెడతాం అని ఆగకండి. వయసుతో కంటి కటకం పసుపుబారుతుంది, నీలాన్ని అడ్డుకుంటుంది. ఇప్పుడు మీకు కనిపించే ఆ వెచ్చటి లోకం ఆపరేషన్ తర్వాత ఉండదు. ఫ్రెంచి చిత్రకారుడు మోనేకు 1912లో శుక్లాలున్నాయని తేల్చారు, ఆపరేషన్ 1923లో జరిగింది. మధ్యకాలంలో రంగులు సరిగా తెలియక, పళ్లెంలో ఏది ఎక్కడుందో ఆ వరసను నమ్ముకుని వేశాడు. అప్పటి జపాను వంతెన బొమ్మల్లో మంటలాంటి ఎరుపులున్నాయి. మీరు కూడా పళ్లెంలో రంగుల వరస ఎప్పుడూ మార్చకండి. ఇంట్లో ఉన్న ఒక స్టీలు గిన్నెను, ఒక తెల్ల తువ్వాలును ఇప్పుడు వేసి పెట్టుకోండి. ఆపరేషన్ అయి డాక్టర్ సరేనన్నాక మళ్లీ అవే వేయండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే తెల్లదనం ఎంత మారిందో చూస్తారు.

చేయి వణికితే ముందు డాక్టర్‌కు చూపించండి, మందుతో తగ్గేదైతే తగ్గుతుంది. తగ్గకపోతే దాన్ని దాచే ప్రయత్నం చేయకండి. కుంచెను చివర పట్టుకుని, వణుకు గీతలోకి రానివ్వండి. గడ్డికి, నీటి అంచుకు, పాత గోడకు అలాంటి గీత కావాలని పడుచువాళ్లు కష్టపడి తెచ్చిపెట్టుకుంటారు. కీళ్లనొప్పులతో సూది పట్టుకోలేక కుట్టుపని మానేసి, డెబ్బైల చివరలో కుంచె అందుకున్న అమెరికా ముసలమ్మ గ్రాండ్మా మోజెస్ 1961లో 101 ఏళ్ల వయసులో పోయేనాటికి వందల బొమ్మలు వేసింది. వేళ్లు ముడుచుకోకపోతే కుంచె కాడకు గుడ్డ చుట్టి లావు చేసుకోండి. కలంకారీ కలానికి చుట్టే గుడ్డ రంగును పట్టి ఉంచడానికైతే, ఇది మీ పట్టు కోసం.

సగంలో వదిలేయండి

నీటిరంగు బొమ్మ పూర్తిచేయడం వల్లే చెడిపోతుంది. ఇంకొంచెం, ఈ మూల ఖాళీగా ఉంది, ఆ కొమ్మకు ఆకులు తక్కువయ్యాయి అనుకుంటూ తడిమిన కొద్దీ బురద అవుతుంది. భోజనానికి పిలిస్తే లేచి వెళ్లిపోండి. తిరిగొచ్చాక ఆ కాగితాన్ని ముట్టుకోకుండా కొత్తది తీసుకోండి. వంకర తిరిగిన కాగితాల్ని వెనకవైపు కొద్దిగా తడిపి, రెండు శుభ్రమైన కాగితాల మధ్య పెట్టి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచితే సాపు అవుతాయి. కోస్తా ఊళ్లలో ఉన్నవాళ్లు వానాకాలంలో వాటిని గోడకు ఆనించి పెట్టొద్దు, బూజు పడుతుంది. గాలి ఆడే ఫైల్లో పెట్టి, మధ్యమధ్యలో తీసి నీడలో ఆరనివ్వండి.

వీటన్నిటి మధ్య అందరూ ఒప్పుకునే జాగ్రత్తలు రెండున్నాయి. కుంచె కొన కూడటానికి నోట్లో పెట్టి తడిపే అలవాటు పాతవాళ్లలో చాలామందికి ఉంది. మానేయండి. కొన్ని పసుపు, ఎరుపు రంగుల్లో కాడ్మియం ఉంటుంది. నీళ్లలో ముంచి వేళ్లతో తిప్పితే కొన కూడుతుంది. ఆయిల్ రంగుల మీద మనసుంటే, టర్పెంటైన్ సీసాను మూసిన పడకగదిలో తెరవకండి, ఉబ్బసం ఉన్నవాళ్లు అసలే వద్దు. వరండా ఉంటే అక్కడ, లేకపోతే నీటిరంగులే.